సీసా పగిలినంత మాత్రాన తరంగం కనపడదు

ఇంటర్లో ఎంపీసీ చదివిన ఎవర్నైనా అర్ధరాత్రి లేపి అడగండి, "లామ్డా ఈజీక్వల్టు హెచ్ బై ఎంవీ" అని ఠక్కున చెప్తారు. కదిలే ప్రతి కణానికీ ఒక తరంగం ఉంటుంది, దాని తరంగదైర్ఘ్యం కావాలంటే ప్లాంక్ స్థిరాంకాన్ని ద్రవ్యవేగంతో భాగించుకోవాలి. అంతే సంగతులు. కాస్త శ్రద్ధగా చదివినవాళ్ళయితే ఇంకో వాక్యం కలుపుతారు: 1924లో డీబ్రోలీ ప్రతిపాదించాడు, 1927లో డేవిసన్, జెర్మర్ ప్రయోగం చేసి నిరూపించారు. రెండు మార్కులు. తరవాతి ప్రశ్న.

ఈ వాక్యంలో అబద్ధమేమీ లేదు. కానీ ఇది చదివితే ఏమనిపిస్తుంది? పారిస్‌లో ఒకాయనకి ఊహ తట్టింది, అది నిజమో కాదో తేలుద్దామని న్యూయార్కులో ఇద్దరు నడుం కట్టుకుని యంత్రం తయారుచేశారు, ఔను నిజమేనని తేల్చారు అన్నట్టు లేదూ? జరిగింది అది కాదు. ఆ ఇద్దరూ ప్రయోగం మొదలెట్టేనాటికి డీబ్రోలీ ఊహ ఇంకా పుట్టనేలేదు. వాళ్ళు వెతుకుతున్నది తరంగాల్నీ కాదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ ఇంకోటుంది. "లాబ్‌లో సీసా పగిలింది, అదృష్టం తన్నుకొచ్చింది, నోబెల్ వచ్చింది" అని. గుడ్డెద్దు చేలో పడ్డట్టు అన్నమాట. నన్నడిగితే ఇది మొదటిదానికంటే పెద్ద అన్యాయం. అసలు కథ ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంది. అదేంటో చూద్దాం.

ముందు పారిస్ నుంచి మొదలెడదాం. లూయీ డీబ్రోలీ 1892లో పుట్టాడు. (మనవాళ్ళు డీబ్రోగ్లీ అంటారు, ఫ్రెంచివాళ్ళు దాదాపు "బ్రోయ్" అంటారు. మనం మధ్యేమార్గంలో పోదాం.) రాజవంశీకుల కుటుంబం. ఆయన మొదటి డిగ్రీ చరిత్రలో. అవును, హిస్టరీయే! మన దగ్గర పదో తరగతి అయ్యాక ఎంపీసీ తీసుకోనివాడికి భౌతికశాస్త్రం తలుపు మూసుకుపోతుంది. ఆయనకి మూసుకుపోలేదు, ఎందుకంటే ఇంట్లోనే ఇంకో తలుపుంది. పదిహేడేళ్ళు పెద్దవాడైన అన్న మారిస్ ఎక్స్-రేల మీద పనిచేసే శాస్త్రవేత్త, పారిస్‌లో సొంత ఇంట్లోనే లాబ్ పెట్టుకున్నాడు. 1911లో జరిగిన మొదటి సాల్వే సమావేశానికి ఆ అన్నే ఒక కార్యదర్శి. అక్కడ ప్లాంక్, ఐన్‌స్టీన్ లాంటి మహామహులు చేసిన చర్చల కాగితాలు తమ్ముడి చేతికొచ్చాయి. చదివాడు. ఇంక చరిత్ర పక్కన పెట్టేశాడు. ఈలోగా మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడితే సైన్యంలో వైర్‌లెస్ విభాగంలో ఈఫెల్ టవర్ దగ్గర పనిచేశాడు.

అప్పటికి సమస్య ఏమిటంటే - కాంతి తరంగం అని నూరేళ్ళుగా రుజువులున్నాయి. కానీ 1905లో ఐన్‌స్టీన్ కాంతి విద్యుత్ ఫలితాన్ని వివరించడానికి కాంతిని కణాల్లాగా, శక్తి పొట్లాల్లాగా లెక్కేశాడు. అది పనిచేసింది. డీబ్రోలీ ఈ ప్రశ్ననే తిప్పి వేశాడు. తరంగం అనుకున్నది కణంలా ప్రవర్తిస్తే, కణం అనుకున్నది తరంగంలా ఎందుకు ప్రవర్తించకూడదు? ఇలా తిప్పి అడగడం ఎవరైనా చేస్తారు, దాన్ని లెక్కలోకి దింపడమే కష్టం. బోర్ చెప్పిన పరమాణువులో ఎలక్ట్రాన్ కొన్ని కక్ష్యల్లోనే తిరుగుతుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. ఎందుకో బోర్ చెప్పలేదు, నియమం పెట్టి ఊరుకున్నాడు. డీబ్రోలీ ఏమన్నాడంటే, వీణ తీగ మీటినప్పుడు రెండు కొసలమధ్య సరిగ్గా ఇమిడే కంపనాలే నిలబడతాయి కదా, అలాగే కక్ష్య చుట్టుకొలతలో పూర్ణసంఖ్యలో తరంగాలు ఇమిడితేనే ఆ కక్ష్య నిలబడుతుంది అని. బోర్ నియమం దానంతటదే ఊడిపడింది!

1923లో మూడు చిన్న వ్యాసాలుగా వేసి, వాటినే పెంచి 1924 నవంబర్లో పీహెచ్‌డీ సిద్ధాంతంగా సమర్పించాడు. పరీక్షకుల్లో ఒకడైన జాన్ పెరాఁ, "ఈ తరంగాల్ని ప్రయోగంలో చూడగలమా?" అనడిగాడు. స్ఫటికం మీద ఎలక్ట్రాన్లని పంపితే, ఎక్స్-రేల్లాగే వివర్తనం చెందాలి అని డీబ్రోలీ జవాబు. స్ఫటికమే ఎందుకంటే, అందులో పరమాణువుల వరసల మధ్య దూరం ఆ తరంగదైర్ఘ్యానికి సరిపోయే కొలతలో ఉంటుంది. ఇంకో పరీక్షకుడు లాంజెవాఁ ఎందుకైనా మంచిదని ఐన్‌స్టీన్‌కి ఒక ప్రతి పంపాడు. ఈ కుర్రాడు పెద్ద తెరకి ఒక మూల ఎత్తాడని ఐన్‌స్టీన్ మెచ్చుకున్నాడు.

ఐన్‌స్టీన్ అంత వెంటనే ఎందుకు పట్టుకున్నాడు? ఇక్కడ మన దేశం వస్తుంది. అదే ఏడాది జూన్లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ ఆయనకి ఒక వ్యాసం పంపాడు. కాంతి కణాల్ని లెక్కపెట్టే కొత్త పద్ధతి అది. ఐన్‌స్టీన్ దాన్ని స్వయంగా జర్మన్లోకి తర్జుమా చేసి అచ్చువేయించి, అదే పద్ధతిని మామూలు వాయువు అణువులకి వాడటం మొదలెట్టాడు. వాడితే, ఆ అణువులు కూడా తరంగాల్లా ప్రవర్తిస్తున్నట్టు లెక్కల్లో కనపడింది. సరిగ్గా అప్పుడే డీబ్రోలీ సిద్ధాంతం బల్లమీదికొచ్చింది. 1925 మొదట్లో అచ్చయిన తన వ్యాసంలో దాన్ని ప్రస్తావించాడు. ఆ ఒక్క ప్రస్తావన చదివి ఇద్దరు కదిలారు. ఒకడు ష్రోడింగర్, 1926లో తరంగ సమీకరణం రాశాడు. ఇంకొకడు గాటింగెన్‌లో చదువుకుంటున్న ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు, వాల్టర్ ఎల్సాసర్. ఈ రెండోవాడి దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఇప్పుడు న్యూయార్క్. శాస్త్రం గురించి కాదు, టెలిఫోన్ వ్యాపారం గురించి.

1915లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి టెలిఫోన్ లైను మొదలైంది. అంతదూరం మాట వెళ్ళాలంటే దారిలో దాన్ని పెంచుతూ పోవాలి, అందుకు వాక్యూమ్ ట్యూబులు కావాలి. ఆ ట్యూబుల మీద వెస్ట్రన్ ఎలక్ట్రిక్‌కీ జనరల్ ఎలక్ట్రిక్‌కీ పేటెంటు తగువు. వెస్ట్రన్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే క్లింటన్ డేవిసన్ ఆ ట్యూబుల్లో ఎలక్ట్రాన్లు లోహాన్ని గుద్దితే ఏమౌతుందో చూసే పనిలో ఉన్నాడు. బక్కపల్చటి మనిషి, 1917లో సైన్యంలో చేరతానంటే తీసుకోలేదు. ఆయన సహాయకుడు లెస్టర్ జెర్మర్ మాత్రం యుద్ధంలో ఫైటర్ పైలట్!

ఈ పనిలో ఒక వింత కనపడింది. లోహాన్ని గుద్దిన ఎలక్ట్రాన్లలో కొన్ని ఏమాత్రం శక్తి పోగొట్టుకోకుండా వెనక్కొచ్చేస్తున్నాయి. ట్యూబుల వ్యాపారానికి దీనితో పెద్ద పనిలేదు. కానీ డేవిసన్‌కి రూథర్‌ఫర్డ్ గుర్తొచ్చాడు. ఆల్ఫా కణాలు ఎలా చెదురుతున్నాయో చూసి ఆయన పరమాణువు లోపల కేంద్రకం ఉందని కనుక్కున్నాడు కదా, మనం ఎలక్ట్రాన్లని కొట్టి పరమాణువులో మిగతా భాగం ఎలా ఉందో కనుక్కుందాం అనుకున్నాడు. ఛార్లెస్ కున్స్‌మన్‌తో కలిసి 1921లో, 1923లో ఫలితాలు అచ్చువేశాడు. ఏ కోణంలో ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తున్నాయో గీసిన గ్రాఫులవి. వాటిలో అక్కడక్కడా మూపురాలున్నాయి. అవి పరమాణువులోని ఎలక్ట్రాన్ పొరల వల్ల వస్తున్నాయని ఇద్దరూ వివరణ ఇచ్చుకున్నారు.

సంవత్సరాలు గమనించండి. 1921. డీబ్రోలీ మొదటి వ్యాసానికి రెండేళ్ళ ముందు.

ఇప్పుడు ఎల్సాసర్ దగ్గరికొద్దాం. గాటింగెన్‌లో ఐన్‌స్టీన్ వ్యాసం చదివి, డీబ్రోలీ సిద్ధాంతం తెచ్చుకుని చదివి, ఈ కుర్రాడు డేవిసన్ గ్రాఫుల్ని చూశాడు. ఆ మూపురాలు పొరల వల్ల కాదు, ఎలక్ట్రాన్ తరంగాలు నికెల్, ప్లాటినం స్ఫటికాల్లో వివర్తనం చెందడం వల్లే వస్తున్నాయేమో అన్నాడు. నెమ్మదిగా పోయే ఎలక్ట్రాన్లు ఆర్గాన్ వాయువులోంచి అడ్డేమీ లేనట్టు దూసుకుపోతున్నాయని 1921లో రామ్‌సాయర్ కనుక్కున్న ఇంకో వింతని కూడా దీనికే ముడిపెట్టాడు. 1925లో చిన్న నోటు అచ్చయింది. లాబ్ లేదు, యంత్రం లేదు, ఒక్క ఎలక్ట్రాన్నీ ముట్టుకోలేదు. వేరేవాళ్ళ గ్రాఫుని వేరే ప్రశ్నతో చూశాడంతే.

అయితే ఎల్సాసర్ గెలిచాడు, డేవిసన్ ఓడాడు అనుకోకండి. ఆ పాత గ్రాఫులు గట్టి రుజువేం కాదు. లెక్కలేనన్ని చిన్న చిన్న స్ఫటికాలు అడ్డదిడ్డంగా ఉన్న లోహపు ముక్క అది, అందులోంచి వచ్చే మూపురం దేనివల్లనైనా రావచ్చు. డేవిసన్ కూడా ఆ వివరణని నమ్మలేదు. నమ్మకపోవడం తప్పని నేననను. ఒక ఊహకి అనుకూలంగా ఉండటం వేరు, ఊహని నిరూపించడం వేరు.

సరే, ఇంక సీసా కథ.

1925 ఫిబ్రవరి 5న లాబ్‌లో ద్రవరూపంలో ఉన్న గాలి సీసా పేలింది. ట్యూబు పగిలి, మాంచి వేడిమీదున్న నికెల్ ముక్కకి గాలి తగిలి తుప్పు పట్టింది. మామూలుగా అయితే పారేసి కొత్తది పెట్టుకోవాలి. వీళ్ళు దాన్ని హైడ్రోజన్లోనూ, శూన్యంలోనూ రోజుల తరబడి కాల్చి శుభ్రం చేశారు. ఏప్రిల్లో మళ్ళీ ప్రయోగం మొదలెట్టారు. మొదట పాత గ్రాఫులే వచ్చాయి. మే నెల మధ్యకొచ్చేసరికి గ్రాఫులు పూర్తిగా మారిపోయాయి. పదునైన శిఖరాలు, ఇదివరకెప్పుడూ లేనివి!

ఇక్కడ వాళ్ళు చేసిన పని నాకు చాలా ఇష్టం. ప్రొగ్రామ్ నిన్నటిదాకా ఒకలా నడిచి ఇవాళ వేరేలా నడిస్తే మనం ఏంచేస్తాం? మళ్ళీ రన్ చేస్తాం, "ఇప్పుడు బానే ఉంది" అనుకుని ఇంటికెళ్ళిపోతాం :-) వీళ్ళు ట్యూబుని కోసేశారు. నికెల్ ముక్క బయటికి తీసి సూక్ష్మదర్శినితో చూశారు. లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలుండే చోట, కాల్చి కాల్చి కరిగి కలిసిపోయినట్టు, ఓ పది పెద్ద స్ఫటికాలున్నాయి. అంటే ఎలక్ట్రాన్లు ఎలా చెదురుతాయన్నది విడివిడి పరమాణువు మీద కాదు, పరమాణువుల వరసల మీద ఆధారపడి ఉంది!

ఇంత దగ్గరికొచ్చారు. ఇంక తరంగం కనపడిపోయిందా? లేదు! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, స్ఫటికంలో పరమాణువుల వరసల మధ్య ఖాళీ సందులుంటాయి, ఎలక్ట్రాన్లు ఆ సందుల్లోంచి జారిపోతున్నాయి కాబోలు అనుకున్నారు. కణమే, ఇంకా కణమే. ఆ సందులు వెతకడానికి ఒకే స్ఫటికంగా ఉన్న నికెల్ ముక్క సంపాదించి, దానికోసం కొత్త యంత్రం కట్టారు. ఏడాది గడిచింది. చెప్పుకోదగ్గదేమీ దొరకలేదు.

అందుకే అంటున్నాను, సీసా పగిలింది 1925 ఫిబ్రవరిలో. తరంగం కనపడింది 1927 జనవరిలో. మధ్యలో దాదాపు రెండేళ్ళు. అదృష్టం ఒక్కటే చాలితే ఈ రెండేళ్ళు ఎందుకు పట్టాయి?

1926 వేసవిలో డేవిసన్ భార్యతో కలిసి ఇంగ్లండు వెళ్ళాడు, సెలవు గడపడానికి. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రిటిష్ అసోసియేషన్ సమావేశం జరుగుతుంటే వెళ్ళి కూచున్నాడు. గాటింగెన్ నుంచి వచ్చిన మాక్స్ బోర్న్ ఉపన్యాసమిస్తూ, డీబ్రోలీ తరంగాలకి ఆధారంగా డేవిసన్, కున్స్‌మన్ల గ్రాఫుల్ని చెప్పాడు. ఆయన మనోస్థితి ఊహించండి! తను పరమాణు పొరల కోసం గీసిన బొమ్మని వేరే ఖండంలో, తనకి అంతుపట్టని సిద్ధాంతానికి సాక్ష్యంగా చూపిస్తున్నారు. తరవాత బోర్న్‌తోనూ మిగతావాళ్ళతోనూ కూచుని కొత్త ఫలితాలు చూపించి మాట్లాడాడు. తిరుగు ప్రయాణంలో ఓడ మీద ష్రోడింగర్ వ్యాసాలు ముందేసుకుని కుస్తీ పట్టాడు.

న్యూయార్క్ చేరాక వెతుకులాట తీరు మారింది. ఇంతకుముందు "ఏమొస్తుందో చూద్దాం". ఇప్పుడు "ఫలానా వేగానికి ఫలానా కోణంలో రావాలి, వస్తోందా?" మొదట్లో రాలేదు. ఓపికపట్టి ఒక్కో వోల్టూ, ఒక్కో కోణం మారుస్తూ పోయారు. 1927 జనవరి 6న, 65 వోల్టుల దగ్గర మూపురం దొరికింది. అక్కడినుంచి ఒకదాని వెనక ఒకటి. ఏప్రిల్లో నేచర్ పత్రికలో అచ్చయింది.

ఇప్పుడు పుస్తకాల్లో కనిపించే లెక్క చూద్దాం. 54 వోల్టులతో వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్ సెకనుకి సుమారు 4,360 కిలోమీటర్లు పోతుంది. డీబ్రోలీ సూత్రంలో వేస్తే తరంగదైర్ఘ్యం 1.67 ఆంగ్‌స్ట్రామ్‌లు. (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లో వంతు.) ప్రయోగంలో శిఖరం వచ్చింది 50 డిగ్రీల దగ్గర. నికెల్ ఉపరితలం మీద పరమాణువుల వరసల మధ్య దూరం 2.15 ఆంగ్‌స్ట్రామ్‌లు, దాన్ని సైన్ 50తో గుణిస్తే 1.65. ఒకటి కాగితం మీద పుట్టిన సంఖ్య, ఒకటి లోహం మీద కొలిచిన సంఖ్య. ఇంతకంటే ఏం కావాలి?

కావాలి మరి. పుస్తకం చెప్పనిది ఏమిటంటే, మిగతా శిఖరాలు చాలావరకు ఎక్స్-రే లెక్కకి సరిగ్గా కుదరలేదు. డేవిసన్, జెర్మర్ ఆ తేడాని దాచకుండా అచ్చువేశారు. ఎలక్ట్రాన్ లోహంలోకి దిగేటప్పుడు వేగం పెరుగుతుంది, దాంతో లోపల తరంగదైర్ఘ్యం మారుతుంది, తేడా అందుకే అని తరవాత హాన్స్ బేతే వివరించాడు. కుదరని సంఖ్యలు కూడా అచ్చువేశారు కాబట్టే ఆ వివరణ వచ్చింది.

అదే ఆక్స్‌ఫర్డ్ సమావేశానికి వచ్చిన ఇంకొకాయన జార్జి థామ్సన్. స్కాట్లండులో అబర్దీన్‌లో ప్రొఫెసర్. ఆయన వేల వోల్టుల ఎలక్ట్రాన్లని పల్చటి సెల్యులాయిడ్ పొరలోంచి పంపితే, ఫొటో పలక మీద వలయాలు పడ్డాయి. ఇవి ఎక్స్-రేల వల్ల వచ్చినవేమో అన్న అనుమానం తీర్చడానికి అయస్కాంతం పెట్టి చూశారు. వలయాలు పక్కకి జరిగాయి, కాబట్టి ఎలక్ట్రాన్లే. ఈ పని మొదలెట్టిన విద్యార్థి అలెగ్జాండర్ రీడ్ కొద్దికాలానికే మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. మన రెండు మార్కుల జవాబులో అతని పేరు ఎప్పుడూ ఉండదు. 1929లో డీబ్రోలీకి, 1937లో డేవిసన్, థామ్సన్లకి నోబెల్ వచ్చింది. జెర్మర్‌కి రాలేదు. ఈ థామ్సన్ తండ్రి ఎవరనుకున్నారు? 1897లో ఎలక్ట్రాన్ని కణంగా నిరూపించిన జేజే థామ్సనే. తండ్రి కణం అన్నాడు, కొడుకు తరంగం అన్నాడు, ఇద్దరూ కరెక్టే!

ఆ తరవాత తరంగాలు అన్నిచోట్లా కనపడ్డాయి. 1930లో స్టెర్న్, ఎస్టర్‌మన్ హీలియం పరమాణువుల్ని, హైడ్రోజన్ అణువుల్ని వివర్తనం చేయించారు. 1999లో వియన్నాలో అరవై కార్బన్ పరమాణువులున్న ఫుట్‌బాల్ లాంటి అణువుకి వ్యతికరణం చూపించారు. 2019లో రెండువేల దాకా పరమాణువులున్న అణువులతో కూడా చేశారు. మరి క్రికెట్ బంతి? 160 గ్రాముల బంతి సెకనుకి 40 మీటర్లు పోతుంటే దాని తరంగదైర్ఘ్యం దశాంశ బిందువు తరవాత 33 సున్నాలు పెట్టి ఒకటి వేసినన్ని మీటర్లు. పరమాణు కేంద్రకం కూడా దాని ముందు కొండే. అందుకే బంతి వికెట్ల మధ్య వివర్తనం చెందట్లేదు, చెందితే బాట్స్‌మన్లకి భలే సాకు దొరికేది.

డేవిసన్ తన నోబెల్ ఉపన్యాసంలో ఈ కథలో దూరదృష్టి తక్కువ, కాకతాళీయం ఎక్కువ అన్న అర్థం వచ్చేలా చెప్పుకున్నాడు. ఆ మాట ఆయన వినయం. ట్యూబు కోసి చూడటం, కుదరని అంకెలు అచ్చువేయడం, నలభై నాలుగేళ్ళ వయసులో సెలవు మానుకుని కొత్త గణితంతో కుస్తీ పట్టడం - ఇవి కాకతాళీయం కాదు. అలాగని యంత్రం, ఓపిక మాత్రమే సరిపోలేదు కూడా. ఎల్సాసర్ దగ్గర ప్రశ్న ఉంది, యంత్రం లేదు. డేవిసన్ దగ్గర యంత్రం ఉంది, ప్రశ్న లేదు. రెండూ ఒకచోట చేరేదాకా ప్రకృతి నోరు విప్పలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి సిలబస్‌లో ఈ ప్రయోగం పేరు పక్కన చాలా ఏళ్ళపాటు ఒక గమనిక ఉండేది: ప్రయోగ వివరాలు వదిలెయ్యాలి, ముగింపు ఒక్కటీ చెప్తే చాలు అని. 2022లో సిలబస్ తగ్గించినప్పుడు ఎన్సీఈఆర్టీ పుస్తకంలోంచి ఆ భాగం మొత్తానికే పోయింది. సూత్రం మాత్రం ఉంది. పిల్లల మీద భారం తగ్గించాలి, ఒప్పుకుంటాను. కానీ ఏది భారం? కణం తరంగమని నమ్మడానికి పైన చెప్పిన గొడవంతా తప్ప ఇంకో కారణం లేదు. ఆ గొడవ తీసేసి ముగింపు ఒక్కటీ చేతిలో పెడితే అది శాస్త్రం కాదు, పెద్దలు చెప్పారు కాబట్టి నమ్మాలి అనే ఇంకో సంగతి. రేపు ఎవడో వచ్చి "క్వాంటం శక్తి" పేరుతో దిండ్లూ తాయెత్తులూ అమ్మితే, ఏది అడగాలో ఆ పిల్లాడికి ఎలా తెలుస్తుంది?

కాబట్టి మీరు పాఠాలు చెప్పేవాళ్ళయితే ఒక్క పని చెయ్యండి. సూత్రం చెప్పేముందు మూపురాలున్న ఆ పాత గ్రాఫుని బోర్డు మీద గీసి, ఇదెందుకొచ్చిందో చెప్పండ్రా అని పిల్లల్ని ఓ పది నిమిషాలు కొట్టుకోనివ్వండి. తప్పులే చెప్తారు. పర్లేదు, డేవిసన్ ఆరేళ్ళు చెప్పాడు.